ఎడమ పురి

ఇంకో గంట పడుతుందమ్మా, జడ్జి గారు భోజనానికి లేచినారు అని బంట్రోతు చెప్పి పోయాడు. ఈ ప్రొద్దుటూరు కోర్టులో గంట అంటే ఎంతో ఎవరికీ తెలియదు, తొమ్మిదేళ్ళను కూడా వాయిదా అనే ఒక్క మాటలో చుట్టి పక్కన పెట్టిన చోటు ఇది. నేను వరండాలో సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. ఏప్రిల్ ఎండ మెట్ల దాకా వచ్చి అక్కడే నిలబడింది, లోపలి నుంచి ఫ్యాను కిర్రుమంటోంది, కళ్ళు మూతలు పడుతున్నాయి, మూసుకుంటే నిద్రలోకి జారుతానని భయం, తెరిస్తే ఎదురు గదిలో గుమాస్తా కేసు కట్టలకు పురికొస చుట్టి, ముడి వేసి, పంటితో తెంపుతూ కనిపిస్తాడు. ఆ పురికొస పోగులు కుడికి మెలితిరిగి ఉన్నాయి, కుడి పురి. చూడకుండా ఉండలేను. కొందరికి ఎదురొచ్చిన మనిషి కులం తెలుసుకుంటే గాని ఊపిరాడదు, నాకు తాడు కనిపిస్తే దాని పురి ఎటో తెలుసుకుంటే గాని ఊపిరాడదు, ఏం చేయను, పుట్టుక అలాంటిది. గంట తర్వాత నేను లోపలికెళ్ళి, పురి గురించి ఒక అబద్ధం చెప్పాలి. చెబితే మా నాయన సుందరం సాయంత్రం బస్సుకు నాతో ఇంటికొస్తాడు. చెప్పకపోతే జైలుకు పోతాడు.

అది అబద్ధమని మా వకీలు రహమాన్‌కు తెలియదు పాపం. పొద్దున తన ఆఫీసులో టీ గ్లాసు పక్కకు జరిపి, జానెడు తాడు ఒకటి నా ముందు పెట్టి, చిన్నపిల్లకు ఎక్కాలు నేర్పినట్టు నేర్పించాడు. “చూడమ్మా విమలా, తాడు తిప్పేటోడు ఈడ నిలబడి ఎడమకు తిప్పుతాండాడు. ఎదురుగా కొస పట్టుకున్నోనికి అది యెట్ల కనపడ్తాది? కుడికి తిరిగినట్ల. అవునా? అంటే తాడు తిరగేసి పట్టుకుంటే ఎడమ పురి కుడి పురి అయితాది. ఇంక ఇది సుందరం పురే అని చెప్పేదానికి యాడుంది ఆధారం? నేను చెప్తే జడ్జి నమ్మడు. నువ్వు బెంగుళూరులో తాళ్ళ మింద రీసెర్చి చేస్తాండావు, నువ్వు చెప్తే నమ్ముతాడు.” తాళ్ళ మీద కాదు సార్, డీఎన్‌ఏ మీద అన్నాను. “రెండూ మెలికలే గదమ్మా” అన్నాడు. ఆ మాట ఒక్కటీ నిజం. మిగతాది కాదు. తిరిగే దిక్కు చూసేవాడిని బట్టి మారుతుంది, తాట్లో పడిన పురి మారదు. బోల్టును తల్లకిందులు చేసి చూడండి, మర ఎటుందో అటే ఉంటుంది. కానీ జడ్జి గారు బోల్టు పట్టుకొని చూస్తారా, నా పేరు కింద ఉన్న ఇన్‌స్టిట్యూటు పేరు చూస్తారు.

ఆ మాటకొస్తే చిన్నప్పుడు నేనూ అలాగే అనుకునేదాన్ని. పెద్దముడియం దగ్గర మా పల్లెలో చర్చి గోడ పొడుగునా నాయన జనుము నార పరిచేవాడు, ఒక చివర ఆయన, ఇంకో చివర నేను, మధ్యలో అరవై అడుగుల ఎండ. నాయనది ఎడమ చేతి వాటం. అన్నం తినడం తప్ప ఆయన చేసే పనులన్నీ ఆ చేతితోనే, అందుకే ఆయన తాడు ఊరందరి తాళ్ళకూ ఎదురు పురి. ఆయన తిప్పుతుంటే నా గుప్పిట్లో కొస బతికున్న దానిలా కొట్టుకునేది. ఆయనకు ఎడమ, నాకు కుడి, మధ్యలో ఎక్కడో అది మారిపోతుందనుకుని, మారే చోటు వెతుకుతూ తాడు వెంబడి చూసేదాన్ని. చూపు ఎండలో కరిగిపోయేది, చర్చిలో పాట నేర్చుకుంటున్న ఆడవాళ్ళ గొంతులు తాడు మీదుగా వస్తున్నట్టు ఉండేది, నిలబడే కునుకు తీసేదాన్ని. “వదలాకు పాపా, కొస వదలాకు” అని ఆ చివర నుంచి కేకేసేవాడు. ఒకసారి వదిలాను. అప్పటిదాకా నిటారుగా ఉన్న తాడు ఒక్కసారిగా గిర్రున తిరిగి, తన మీద తానే పడి, సుడులు సుడులుగా ముడుచుకుంది. నాయన కోప్పడలేదు. నవ్వి, “చూసినావా, దానికెంత పౌరుషమో” అన్నాడు. అమ్మ లీలమ్మ అప్పటికే లేదు, ఇంట్లో నవ్వేది మేమిద్దరమే.

ఆ పౌరుషానికి సమీకరణం ఉందని నాకు ఇరవై రెండో ఏట తెలిసింది. బెంగుళూరులో మా గైడు బోర్డు మీద రాస్తుంటే ముంజేతి మీద రోమాలు లేచాయి. మనిషి కణం ఒక్కొక్క దాంట్లో రెండు మీటర్ల దారం ఉంటుంది, రెండు పోగులు ఒకదాన్నొకటి చుట్టుకుని. దాన్ని మేము సన్నటి సాగే కడ్డీ అనుకుంటాం. అందులోని రసాయనాలన్నీ పక్కన పెట్టి రెండే ప్రశ్నలు అడుగుతాం, వంచితే ఎంత మొరాయిస్తావు, మెలిపెడితే ఎంత మొరాయిస్తావు. ఈ రెంటినీ కూడి, శక్తి ఎక్కడ తక్కువో వెతికితే, ఆ దారం కణంలో ఏ ఆకారంలో ముడుచుకుంటుందో కాగితం మీదకు వచ్చేస్తుంది. ఒక పోగు ఇంకో పోగును ఎన్నిసార్లు చుట్టిందో ఆ లెక్కను నేను నా నోటు పుస్తకంలో లంకె అని రాసుకున్నాను. తాట్లో ఉన్నది పురి, తాడే ముడుచుకుంటే సుడి. పురీ సుడీ కలిపితే లంకె. కొసలు రెండూ కదలకుండా పట్టుకున్నంత కాలం పురి తగ్గితే సుడి పెరుగుతుంది, సుడి తగ్గితే పురి పెరుగుతుంది, మొత్తం మాత్రం మారదు, వందేళ్ళు పట్టుకున్నా మారదు. మారాలంటే ఎవరో ఒకరు కోయాలి, లేదా వదలాలి. ఇది వినగానే మా సీమవాళ్ళకు ఏం గుర్తుకొస్తుందో చెప్పక్కర్లేదు. కానీ మా గైడు దగ్గర అలాంటి పోలికలు తెస్తే తరిమి కొడతాడు, కడ్డీకి కక్షలుండవమ్మా అంటాడు.

ఆయన నన్ను తిట్టింది ఒక్కసారే, మొదటి పేపరు చిత్తుప్రతి చూసి. నలభై పేజీలు, ఒక్క తప్పూ లేదు, గుర్తులన్నీ మాత్రం తారుమారు. ప్రపంచమంతా కుడి పురిని ప్లస్ అంటుంది, నేను ఎడమ పురిని ప్లస్ అనుకుని మొదలుపెట్టాను, అనుకున్నట్టు నాకే తెలియదు. “మీ ఊళ్ళో అందరూ ఎడమ చేతివాళ్ళా?” అని అడిగాడు. ఊళ్ళో కాదు సార్, ఇంట్లో అన్నాను. నవ్వాడు, నేనూ నవ్వాను, హాస్టలు గదికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. నలభై పేజీలు తిరగరాయాలని కాదు. నాది కుడి చేతి వాటం. అయినా నా చేతులకు ఎడమ పురే పురి అని ఆ కాగితాలు రాసి చూపించాయి.

బల్ల మీద చెయ్యి కాలింది, ఎండ మెట్లెక్కి వచ్చినట్టుంది, జరిగి కూర్చున్నాను. ఎక్కడో బస్సు జమ్మలమడుగు, జమ్మలమడుగు అని అరుస్తోంది. ఆ అరుపు వింటే నాకు అయొడిన్ వాసన వస్తుంది. తొంభై నాలుగు ఎలక్షన్ల ముందు, జనుము కోస్తూ కోస్తూ నాయన ఎడమ అరచేయి అడ్డంగా కోసుకున్నాడు. నా పరికిణీ చింపి కట్టి ఆ బస్సులోనే జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయాను. ఏడు కుట్లు, మూడు వారాలు చెయ్యి కదిలించకూడదన్నారు. జ్వరంతో నాయన ఇంట్లో పడుకుని ఉన్నప్పుడు చర్చి గోడ దగ్గర జీపు ఆగింది. దిగినవాడు నాకు తెలియదు, వాడి మెడలో పార్టీ కండువా మాత్రం తెలుసు. “మీ నాయన ల్యాడా?” చెయ్యి కోసుకుండాడన్నా, పండుకోనుండాడు అన్నాను. “అయితే నువ్వు ఎయ్యి పాపా. సన్నంగా, బిర్రుగా ఎయ్యాల. మంచాలకు కాదు.” ఇంట్లోంచి నాయన గొంతు సన్నగా వినిపించింది, “వద్దని చెప్పు పాపా, మనకొద్దు” అని.

నేను వద్దని చెప్పలేదు. జీపును చూసి భయపడ్డానని తొమ్మిదేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను, భయపడ్డ మాట నిజమే, కానీ అది సగమే. అప్పటిదాకా నన్నెవరూ తిప్పమని అడగలేదు, పట్టుకోమనే అడిగారు. చర్చి గోడకున్న కొక్కేనికి ఒక కొస తగిలించి, రెండో కొస పుల్లకు కట్టి, నాయన తిప్పినట్టే తిప్పాను. నాయన ఆపే చోట ఆపలేదు. ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంటూ, తాడు వేళ్ళను కోస్తున్నా, సుడి పడబోయే అంచు దాకా తీసుకుపోయి అక్కడ నిలిపాను. ఆ అంచు ఎక్కడో లెక్కగట్టడమే ఇప్పుడు నా థీసిస్సు. నాయన తాట్లో బెత్తెడుకు పన్నెండు చుట్లు, నా తాట్లో పంతొమ్మిది. మర్నాడు జీపువాడు వచ్చి వేలితో మీటి చూసి, “మీ నాయన కన్నా నీదే బిగువు మే” అన్నాడు. నాకు ఆ రోజంతా నేల మీద కాళ్ళు ఆనలేదు. పదో తరగతిలో లెక్కల్లో వందకు వంద వచ్చినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు. మంచాలకు కాని పురికొస ఎలక్షన్ల నెలలో ఎందుకో మా సీమలో పాలు తాగే పిల్లను అడిగినా చెబుతుంది.

వారం తర్వాత పక్క ఊరి రెడ్డిని పొలం గట్టు మీద బాంబులేసి చంపారు. ఆయన అవతలి పార్టీ. బాంబుకు బిగించి చుట్టిన పురికొసలో ఒక ముక్క కాలకుండా గట్టున మొలిచిన ముళ్ళకంపకు చిక్కుకుంది, పోలీసులు దాన్ని మంచాలల్లే ఖాజాకు చూపించారు. ఖాజా పాపం కల్లాకపటం తెలియని మనిషి, తన పనివాడి గురించి గొప్పగా చెబుతున్నాననుకుని, “ఇది సుందరం పురి సార్, ఈ మండలంలో ఎడమ పురి ఇంకెవరికీ రాదు” అన్నాడు. జీపు మళ్ళీ వచ్చింది, ఈసారి పోలీసుది. నాయన తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆసుపత్రి చీటీని పొయ్యిలో వేశాడు. కట్టు విప్పి దాన్నీ వేశాడు. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న ఆ చేతిని పంచెలో దాచుకుని, నా వైపు చూడకుండానే, “పురి నాదే సార్, పాండి” అన్నాడు. నేను గడప మీద నిలబడ్డాను. జీపు మలుపు తిరిగేదాకా అక్కడే ఉన్నాను. ఆ తర్వాత బెయిలు మీద వచ్చాడు, నన్ను ఇంటర్ చదివించాడు, డిగ్రీ చదివించాడు, ఈ తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. మళ్ళీ తాడు పేనలేదు, అంతే.

కేసులో నాయన పదకొండో ముద్దాయి. మిగతా పదిమందీ ఇప్పుడు వేపచెట్టు నీడన కూల్‌డ్రింకులు తాగుతూ నవ్వుకుంటున్నారు, వాళ్ళకేం, కిందటేడు రెండు వర్గాల పెద్దలూ ఒకే పార్టీలో చేరారు. పులివెందులలో ఒక పెండ్లిలో ఒకే బంతిలో కూర్చుని తిన్నారు, దాన్ని రాజీ అంటారు. సాక్షులంతా ఒకరి వెనక ఒకరు మాట మార్చేశారు. పురికొసకు నోరు లేదు కాబట్టి అది మాట మార్చలేదు. అందుకే చివరికి కేసులో మా నాయన ఒక్కడే మిగిలాడు, బిర్యానీ తిన్నవాడు లేచిపోతే ఆకు ఎత్తేవాడు దొరికినట్టు.

ఎవరో బల్ల మీద నా పక్కన కూర్చున్నారు. కళ్ళు తెరిస్తే తెల్లంచు చీర, చేతికి గడియారం, మొహాన బొట్టు లేదు. చనిపోయిన రెడ్డి భార్య పద్మావతమ్మ. ఇప్పుడు మండల ప్రెసిడెంటు. ఆమె వస్తే మా వాళ్ళు లేచి నిలబడతారు, నేనూ లేవబోయాను, “కూసో పాపా” అంది.

“సుందరం బిడ్డవు గదా? బెంగుళూరులో సదువుతాండావంట.”

“అవునమ్మా.”

“నువ్వేం చెప్తావో రహమాన్ సాయిబు ఊరంతా చెప్పినాడులే. చెప్పు, మీ నాయనను ఇంటికి తోడుకోనిపో. ఆయప్ప మింద నాకేం కోపం ల్యా.” కొంగుతో మెడ తుడుచుకుంది. “పులివెందుల పెండ్లిలో మా ఆయనను సంపినోళ్ళను నా ఎదురుగ్గా కూసోబెట్టి అన్నం పెట్టించినారు. పార్టీ అన్యారు, కొడుకుల పానాలన్యారు, నేనూ తలకాయ ఊపినా. ఆ ముద్ద ఇంగా ఈడ్నే ఉండాది పాపా, దిగల్యా. ముప్పై ఒక్క మంది సాచ్చులొచ్చినారు ఈ కోర్టుకు. తెల్దు, సూల్యా. తెల్దు, సూల్యా. ఒగరు, ఒగే ఒగరు, నాకు తెలుసు అని చెప్తే ఇనాలని ప్రతి వాయిదాకూ వస్తాండా. పిచ్చిదాన్ని.” లేచి, నా భుజం మీద చెయ్యి వేసి, దాని మీదే ఆనుకుని లోపలికి పోయింది. ఆ చేతి బరువు చాలాసేపు అలాగే ఉంది.

కునుకు పట్టిందేమో, చర్చి గోడ పక్కన తాడు పట్టుకుని నిలబడ్డాను, ఆ చివర ఎవరున్నారో ఎండలో కనిపించడం లేదు, నాయనా, జీపువాడా, పద్మావతమ్మా. అబద్ధం ఎంత సులభం, తిరగేసి పట్టుకుంటే చాలు, కుడి అయిపోతుంది, నాయన వాకిట్లో మంచం మీద కూర్చుని టీ అడుగుతాడు, నేను బెంగుళూరు పోయి పేపరు అచ్చు వేయించుకుంటాను. కడ్డీలకు కక్షలుండవు. కానీ నాయనా, మన తాడు తిరగేసినా మన తాడే. నాకు నీ మీద కోపం కూడా వస్తోంది, పదిహేనేళ్ళ పిల్లను అడగకుండా దాచేశావు, నేను దాక్కునే ఉన్నాను ఇంకా. విమలా, సుందరం విమలా, సుందరం విమలా అని మూడుసార్లు పిలిచాడు బంట్రోతు.

లోపల చల్లగా ఉంది. నాయన ముద్దాయిల బోనులో చివరన నిలబడి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ప్రమాణం చేయించారు. అట్టముక్క మీద ఆ పురికొస ముక్కను పరిచి, రెండు కొసలకూ లక్కతో సీలు వేసి ఉంచారు, తొమ్మిదేళ్ళుగా కొస కదలలేదు. దాన్ని నా చేతికిచ్చి రహమాన్ అడిగాడు, ఈ తాడు ఇటు నుంచి చూస్తే ఎడమ పురి, అటు తిప్పి చూస్తే కుడి పురి, అవునా కాదా?

“కాదు సార్” అన్నాను. “ఎటు నుంచి చూసినా ఎడమే.”

రహమాన్ మొహం మాడిపోయింది. నా నోరు ఇక ఆగలేదు. బెత్తెడు కొలిచి చుట్లు లెక్కపెట్టమన్నాను, జడ్జి గారే భూతద్దం తెప్పించుకుని పెన్సిలు మొనతో లెక్కపెట్టారు, పంతొమ్మిది. మా నాయన ఎన్నడూ పన్నెండు దాటించలేదని, ఇంతే సన్నంగా ఆయన పేనిన పురికొసలు ఊళ్ళో ఇళ్ళల్లో ఇంకా ఉన్నాయని, తెప్పించి చూడమని చెప్పాను. ఇది వేసింది నేను. అప్పుడాయన చెయ్యి కుట్లతో ఉంది. ఇప్పటికీ మచ్చ ఉంటుంది, చూడండి.

“పాపా, వద్దే” అన్నాడు నాయన. ఎడమ చెయ్యి ఇంకా వెనకే ఉంది.

జడ్జి గారు కళ్ళద్దాలు తీశారు. మీరు చెప్పేది మీకే చుట్టుకుంటుంది, ఆలోచించి మాట్లాడండి అన్నారు. తర్వాత మెల్లగా, నా మీద జాలిపడి దారి చూపిస్తున్నట్టు, అప్పుడు మీకు పదిహేనేళ్ళు, అది దేనికి వాడతారో మీకు తెలిసి ఉండదు కదా అన్నారు. రహమాన్ నా వైపు తల అడ్డంగా ఊపుతున్నాడు, ఉండదని చెప్పు, ఉండదని చెప్పు అని. పదిమంది ముద్దాయిలూ నవ్వడం ఆపేశారు.

“తెలుసు” అన్నాను.

టైపు మిషను ఆగింది. ఏమన్నారమ్మా, వినపడలేదు, గట్టిగా చెప్పండి అంది టైపిస్టు. నేను జడ్జి గారి మీద నుంచి చూపు తిప్పి, వెనక బెంచీలో ఒంటరిగా కూర్చున్న పద్మావతమ్మ వైపు తిరిగాను.

“నాకు తెలుసమ్మా” అన్నాను.